దీపముల మాటున నక్షత్రములు

ధ్యాన భాగములు: ఆదికాండము 15:1–6, కీర్తనలు 147:1–5, మత్తయి 5:14–16



బెంగుళూరు, కోలారు గనులు, చెన్నై, బరంపురం, షోలాపూరు, ముంబయి, యానాం మొదలైన చోట్ల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల వారందరిని ఒక ప్రశ్న అడుగుచున్నాను. మీ ఇంటి పిల్లలు పాలపుంతను ఎప్పుడైనను చూచిరా? పాఠ్యపుస్తకములోని బొమ్మ సంగతి కాదు, కన్నులెత్తి ఆకాశములో చూచిరా? వేగుచుక్క వారికి తెలియును. చంద్రుడు తెలియును. కాని మన తాతలు పిల్లలకోడి అని పిలిచిన కృత్తిక నక్షత్రముల గుంపును వ్రేలితో చూపగల పిల్లలు మన ఆదివారపు బడిలో ఎందరున్నారు? ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని దీనిలో మన విశ్వాసమునకు సంబంధించిన ఒక పెద్ద సంగతి యున్నది. కొంచెము ఓపికతో వినుడి.

వలస వచ్చిన వానికి దేవుడు చూపిన గుర్తు

అబ్రాము మనవలె వలస వచ్చినవాడు. కల్దీయుల ఊరను పట్టణమును విడిచెను. హారానును విడిచెను. తన వారి భాష, బంధుత్వము, పొలము, సమాధులు అన్నియు వెనుక నుండిపోయినవి. వృద్ధుడాయెను, పిల్లలు లేరు. తన ఇంటికి దమస్కువాడైన ఎలీయెజెరే వారసుడగునేమో అని దేవుని యెదుటనే తన వేదన చెప్పుకొనెను. అప్పుడు దేవుడు ఏమి చేసెను? వాదించలేదు. అతనిని గుడారము వెలుపలికి తీసికొని వచ్చి, ఆకాశమువైపు చూడుమని, చేతనైతే నక్షత్రములను లెక్కించుమని చెప్పెను. నీ సంతానమును అట్లే యుండునని మాట ఇచ్చెను. అబ్రాము నమ్మెను. ఆ నమ్మకమే అతనికి నీతిగా ఎంచబడెను.

చీకటి ఆకాశము క్రింద మంచి చూపు గల మనుష్యునికి ఒకేసారి రెండు వేలు, మూడు వేల నక్షత్రములు కనబడును. అందుచేతనే లెక్కించుమనిన మాటకు అంత బలము కలిగినది. ఇప్పుడు మన నగరములో మిద్దె మీద నిలువబడి లెక్కించుడి. మబ్బు లేని రాత్రియైనను కొన్ని పదులు దాటుట కష్టము. దేవుడు తన వాగ్దానమునకు గుర్తుగా నిలిపిన ఆకాశము మన కన్నుల యెదుట తుడిచివేయబడినట్లున్నది.

మన సంఘములో అరువది యేండ్ల క్రిందట ప్రకాశం ప్రాంతము నుండి పెండ్లియై వచ్చిన ఒక పెద్దమ్మగారు ఒకసారి ఇట్లు చెప్పిరి: "మా ఊర్లో ఆరుబయట మంచమేసుకుని పడుకుంటే దేవుడు దగ్గరున్నట్టే ఉండేది నాయనా. ఇక్కడ పైకి చూస్తే ఎర్రటి పొగ. దేవుడు ఊర్లోనే ఉండిపోయాడేమో అనిపిస్తది." ఆ మాట తేలికగా తీసివేయవలసినది కాదు. వలస వచ్చిన అనేకుల హృదయములలో ఇదే మాట యున్నది. కొందరు పైకి చెప్పుదురు, కొందరు ఆరాధనకు రాక చెప్పుదురు. ఈ రోజున ఆ పెద్దమ్మగారి మాటకు జవాబు వెదకుదము.

ఆకాశము ఖాళీ కాలేదు

పగటివేళ నక్షత్రములు ఎక్కడికి పోవును? తరగతిలో ఈ ప్రశ్న అడిగినప్పుడు చిన్నపిల్లలు నిద్రపోవునని చెప్పుదురు. ఎక్కడికిని పోవు. సూర్యకాంతి గాలిలో చెదరి ఆకాశమంతయు వెలుగు తెర యగుట వలన కనబడవు. రాత్రివేళ నగరములో జరుగునది అదే. వీధిదీపముల కాంతి, దుకాణముల బోర్డుల కాంతి, మైదానముల ఫ్లడ్‌లైట్ల కాంతి పైకి పోయి గాలి అణువుల మీదను, ధూళి మీదను, తేమ మీదను పడి తిరిగి మనవైపు చెదరును. ఆ చెదరిన కాంతి ముందు నక్షత్రముల సన్నని వెలుగు ఓడిపోవుచున్నది. దీనినే కాంతి కాలుష్యము అనుచున్నారు.

అమెరికాలోని జాన్ బోర్టల్ అను ఔత్సాహికుడు 2001లో ఆకాశపు చీకటిని తొమ్మిది తరగతులుగా విభజించెను. ఒకటవ తరగతి మిక్కిలి చీకటి గల చోటు. పెద్ద నగరముల మధ్య భాగములు ఎనిమిది, తొమ్మిది తరగతులలోనికి వచ్చును. 2016లో వెలువడిన ప్రపంచ పటము ప్రకారము మానవులలో మూడవ వంతు మంది తాము నివసించు చోటి నుండి పాలపుంతను చూడలేరు. 2011 నుండి 2022 వరకు ప్రపంచమంతట సామాన్య ప్రజలు కంటితో చూచి పంపిన లెక్కలను కూర్చి శాస్త్రజ్ఞులు 2023లో ఒక సంగతి ప్రకటించిరి. రాత్రి ఆకాశపు వెలుగు సగటున ఏటేటా సుమారు 10 శాతము పెరుగుచున్నదట. ఒక బిడ్డ పుట్టినప్పుడు ఆ చోట 250 నక్షత్రములు కనబడినయెడల, ఆ బిడ్డకు పదునెనిమిది యేండ్లు వచ్చునాటికి 100 మాత్రమే కనబడునని వారి లెక్క.

అయినను ఒక్క నక్షత్రమైనను చావలేదు. ఒక్కటియు తన చోటు విడువలేదు. తక్కువైనది మన చూపు. దీనికి సాక్ష్యమేమి? నగరములో మిద్దెల మీద నిలువబడి కెమేరాలతో ఆకాశమును చిత్రించుచున్న ఔత్సాహికులే సాక్ష్యము. మన సంఘములోను అట్టి యౌవనస్థుడు ఒకడున్నాడు. పగలు ఉద్యోగము చేసికొని, శుక్రవారపు రాత్రి మిద్దె మీద చిన్న దూరదర్శినికి కెమేరా బిగించి కూర్చుండును. అతడు తీసిన మృగశీర్ష నక్షత్రరాశిలోని మేఘపు చిత్రమును ఆ పెద్దమ్మగారికి చూపెను. మన వీధి నుండియే, మన ఎర్రటి పొగ ఆకాశము క్రింద నుండియే తీసినది. రెక్కలు విప్పిన పక్షివలె ఎరుపు, నీలి రంగుల వెలుగు. ఆ మేఘము మనకు సుమారు 1,340 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అందులో నేటికిని క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. ఆమె చాలసేపు చూచి, "ఇది మన మిద్దె మీదనేనా?" అని అడిగిరి. అవును, మన మిద్దె మీదనే.

ఇది జ్యోతిష్యమా?

కొందరు సహోదరులు ఆ యౌవనస్థుని గూర్చి సందేహపడిరి. నక్షత్రములను చూచుట జ్యోతిష్యము కాదా, ప్రార్థన కూడికకు బదులు నక్షత్రములా, అని అడిగిరి. ప్రశ్న మంచిదే, జవాబును స్పష్టముగా నుండవలెను. నక్షత్రములలో మన భవిష్యత్తు వెదకుట జ్యోతిష్యము. దానిని ప్రవక్తలు ఖండించిరి. నక్షత్రములను సృష్టియని తెలిసికొని, కొలిచి, చిత్రించుట వేరు. యోబుతో మాటలాడినప్పుడు దేవుడే కృత్తికను, మృగశీర్షను పేర్కొనెను. దావీదు చంద్రుని, నక్షత్రములను చూచిన తరువాతనే మనుష్యుడు ఏపాటివాడని ఆశ్చర్యపడెను. చూడనివాడు ఆశ్చర్యపడజాలడు.

ఈ పని మొదటినుండి సామాన్యుల చేతిలో పెరిగినది. మృగశీర్షలోని మేఘమును మొదట ఫొటో తీసినవాడు న్యూయార్కు వైద్యుడైన హెన్రీ డ్రేపర్. అది 1880 సెప్టెంబరు 30వ తేది, 51 నిమిషములు కాంతిని పట్టెను. మూడేండ్లకు, 1883లో, లండను శివారగు ఈలింగులో ఆండ్రూ కామన్ అను పారిశుద్ధ్య ఇంజనీరు తన ఇంటి తోటలోని దూరదర్శినితో అదే మేఘమును చిత్రించెను. దూరదర్శినిలో కన్ను పెట్టి చూచినను కనబడని నక్షత్రములు ఆ పలక మీద కనబడినవి. మన తెలుగువారును వెనుకబడినవారు కారు. విశాఖపట్టణములో గోడె వెంకట జగ్గారావుగారు 1840లోనే తమ స్వంత వేధశాల కట్టించుకొనిరి. కావలూరు వేధశాలకు ఎవరి పేరు పెట్టబడెనో ఆ వైణు బప్పుగారు హైదరాబాదులో పెరిగినవారు.

కాబట్టి ఆ యౌవనస్థుడు ఏ పాపమును చేయుటలేదు. అంతేకాదు, అతని పని విధానములో మన ఆత్మీయ జీవితమునకు పనికివచ్చు పాఠములు మూడు కలవు.

మొదటిది: ఓపికగా కూర్చుట

నగరములో కెమేరాను ఎక్కువసేపు తెరచి యుంచిన చిత్రమంతయు తెల్లబడిపోవును. కావున అరనిమిషము, ఒక నిమిషము చొప్పున వందల చిత్రములు తీయుదురు. ఒక్కొక్క దానిలో మేఘము ఉండీ లేనట్టుండును. గింజలు గింజలుగా మచ్చ పరచుకొని యుండును. ఆ మచ్చను సిగ్నలుకు శత్రువైన నాయిజు అనుచున్నారు. ఆ చిత్రములన్నిటిని నక్షత్రము మీద నక్షత్రము వచ్చునట్లు కంప్యూటరులో పేర్చి సరాసరి తీయుదురు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను గనుక బల్ల ఉదాహరణ చెప్పెదను. నలువదిమంది పిల్లలకు స్కేలు ఇచ్చి ఒకే బల్ల పొడవు కొలువమనుడి. ఒకడు కొంచెము ఎక్కువ చెప్పును, ఒకడు కొంచెము తక్కువ. సరాసరి తీసినచో ఒక్కని కొలత కంటె నిజమునకు చాల దగ్గరగా నుండును. ఎందుకనగా తప్పులు ఒకదాని నొకటి కొట్టివేసికొనును, నిజము మాత్రము ప్రతి కొలతలోను ఒకే చోట నిలిచియుండును. వంద చిత్రములు పేర్చినచో నక్షత్రకాంతి వంద రెట్లగును, మచ్చ పది రెట్లు మాత్రమే అగును. లాభము పది రెట్లు.

ఇది చౌకగా దొరకునది కాదు. చీకటి పల్లెలో ఒక గంటలో దొరకునది నగర మధ్యమున దొరకవలెనన్న ఇరువది గంటలకు పైగా పట్టవచ్చును. దీపకాంతిని లెక్కలో తీసివేయవచ్చును గాని, దానితో వచ్చిన కలవరమును తీసివేయలేము. దానిని ఓపికతో మాత్రమే జయించవలెను.

ప్రియులారా, నగరములో ప్రార్థన చేయువారందరికి ఇది అనుభవమే. ఊరిలో ఒక గంట ప్రార్థించిన కలుగు నెమ్మది ఇక్కడ కలుగదు. షిఫ్టు డ్యూటీ, ట్రాఫిక్కు, అద్దె, ఫోను, పిల్లల ఫీజులు. ఒక్కొక్క దినపు ప్రార్థన విడిగా చూచినచో ఏమియు లేనట్లే యుండును. అంతమాత్రమున మానివేసితిమా, ఆ చిత్రము ఎన్నటికిని పూర్తికాదు.

మన తెలుగు బాప్తిస్టు చరిత్రయే దీనికి దృష్టాంతము. 1836లో శామ్యూల్ డే దొరగారు మన దేశమునకు వచ్చిరి. ఎన్నో సంవత్సరములు పనిచేసినను ఫలము వ్రేళ్ల మీద లెక్కించునంతే. అమెరికాలోని మిషను సభవారు ఈ పనిని మూసివేయుదమా అని ఒకసారి కాదు, పలుమార్లు ఆలోచించిరి. పటములో ఒంటరిగా నుండిన నెల్లూరు చుక్కను బట్టి దీనికి 1853లో లోన్‌స్టార్ మిషను, అనగా ఒంటరి నక్షత్రపు మిషను అని పేరు వచ్చెను. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున జూవెట్ దొరగారును కొద్దిమంది విశ్వాసులును ఒంగోలు కొండ మీద మోకరించి ప్రార్థించిరి. ఆ దినమున వారికి కనబడినదేమియు లేదు. 1878 జూలై 3వ తేదిన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నడుమ గడచినవి ఇరువది నాలుగు సంవత్సరములు. మనలో అనేకుల ముత్తాతలు ఆ నీటిలోనికి దిగినవారే. ఒంటరి నక్షత్రమును చూచి నిరాశపడి మూసివేసియుంటే ఈ పత్రిక చదువుటకు మనము ఉండకపోదుము.

రెండవది: మూత వేసి తీయు చిత్రము

అయితే సరాసరి అన్ని తప్పులను తీసివేయదు. మరల బల్ల యొద్దకు పోదము. నలువదిమందికిని మొన అరిగిపోయిన ఒకే స్కేలు ఇచ్చితిమనుకొనుడి. నలువదిమంది కాదు, నాలుగువేలమంది కొలిచినను తప్పు తప్పే. ఎన్నిసార్లు చేసినను పోని తప్పు కొలుచువాని పరికరములోనే యున్నది.

కెమేరాలోను అట్లే. లోపలి వేడిమి వలన కొన్ని బిందువులు వెలుగు లేకపోయినను వెలుగుచున్నట్లు చూపును. కావున చిత్రకారుడు దూరదర్శినికి మూత వేసి, అంతే సమయము, అంతే వేడిమిలో చీకటి చిత్రములు తీయును. అందులో ఆకాశము లేదు, కెమేరా లోపము మాత్రమే యున్నది. దానిని అసలు చిత్రము నుండి తీసివేయును. తరువాత దూరదర్శిని ముఖమునకు తెల్లని బట్ట చుట్టి, సమమైన వెలుగులో మరికొన్ని చిత్రములు తీయును. అద్దము మీది ధూళి నీడలు అప్పుడు బయటపడును.

ఇక్కడ మనలను మనము అడుగుకొనవలెను. ఆకాశము మబ్బుగా నున్నదని, సంఘము చల్లారినదని, కాపరి ప్రసంగము బలహీనమని, నగరము చెడ్డదని చెప్పుట సులభము. మూత వేసికొని ఒంటరిగా కూర్చున్నప్పుడును కనబడు మచ్చలు ఎవరివి? అవి నగరమువి కావు. ఊరిలో నుండి మనతోకూడ మూటకట్టుకొని తెచ్చుకొన్న కులపు గర్వము, అన్నదమ్ముల ఆస్తి తగవు, క్షమించని మనస్సు. ఎన్ని ఉపవాస కూడికలు పెట్టినను, వాటిని పేరుపెట్టి ఒప్పుకొని తీసివేయనిదే పోవు. నూట ముప్పది తొమ్మిదవ కీర్తన చివర భక్తుడు తన్ను పరిశోధించి, చెడ్డ త్రోవ యేదైన నున్నదేమో చూడుమని దేవుని వేడుకొనుట ఇందుకే.

కోలారు గనుల వారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాను. 1965లో శాస్త్రజ్ఞులు ఆ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరములు పెట్టి, ఆకాశము నుండి వచ్చు కిరణముల వలన గాలిలో పుట్టు న్యూట్రినోలు అను అతి సూక్ష్మ కణముల జాడ కనుగొనిరి. పైనుండి కురియు ఇతర కణముల గందరగోళము అంత లోతునకు రాదు గనుక అక్కడికి దిగిరి. మన తాతలు బంగారము కొరకు దిగిన చీకటిలో ఆకాశపు కబురు వినబడెను. తలుపు వేసికొని రహస్యమందు ప్రార్థించుమని ప్రభువు చెప్పినది ఇట్టి లోతును గూర్చియే. గని 2001లో మూయబడినది. ఆ లోతు మాత్రము ప్రతి విశ్వాసికి నేటికిని తెరచియే యున్నది.

మూడవది: లేనిది చేర్చకుండుట

చిత్రము పేర్చిన తరువాత దానిని సవరింతురు. దీపకాంతి పొరను తీసివేయవచ్చును. సన్నని వెలుగును పెంచి చూపవచ్చును. ఇవి న్యాయమైన పనులు. కాని లేని నక్షత్రమును పెట్టిన యెడల అది చిత్రము కాదు, అబద్ధము. ఈ దినములలో ఇది మరింత సులభమైనది. మసకగా నున్న చోట లేని వివరములను తానే ఊహించి నింపు కృత్రిమ మేధస్సు పరికరములు వచ్చియున్నవి. అందముగా నుండును, నిజము కాదు. అందుచేత మంచి చిత్రకారులు ఎన్ని గంటలు తీసిరో, ఏ పరికరము వాడిరో, ఏమి సవరించిరో చిత్రము క్రిందనే వ్రాయుదురు. ఇతరులు పరీక్షించుకొనవచ్చును.

సాక్ష్యమిచ్చు సహోదరులు దీనిని గమనించవలెను. కూడికలో సాక్ష్యము చెప్పునప్పుడు జ్వరము క్యాన్సరగుట, పదిమంది వందమందియగుట మనము వినుచున్నాము. దేవునికి మహిమ కలుగునని అనుకొందురు. దేవుని మహిమకు మన రంగు అవసరము లేదు. ఉన్నదానిని ఓపికగా చూపినచో చాలును. దేవయాని పాలపుంతను, అనగా ఆండ్రోమెడాను, నూరేండ్లకు పైగా లెక్కలేనంతమంది చిత్రించిరి. అయినను డ్రెష్‌లర్, స్ట్రాట్నర్, సెంటీ అను ముగ్గురు యూరపు ఔత్సాహికులు ఆక్సిజను వెలుగును మాత్రమే విడిచిపెట్టు ఫిల్టరు పెట్టి, నూరు గంటలకు పైగా కాంతి కూర్చి, దాని ప్రక్కన ఎవరును ఎన్నడును చూడని ఒక పెద్ద వెలుగు విల్లును కనుగొని 2023 జనవరిలో ప్రకటించిరి. దానిని ఎవరును రంగుతో చేర్చలేదు. అది అక్కడ ఉండనే యున్నది.

ఇంటనున్న వారికి వెలుగు

ఇప్పుడు ఒక అభ్యంతరము రావచ్చును. దేవుడు వెలుగైయున్నాడు, మనమును లోకమునకు వెలుగై యుండవలెను గదా, మరి వెలుగును కాలుష్యమనుట ఎట్లు?

ప్రభువు మాటను జాగ్రత్తగా చదువుడి. దీపమును కుంచము క్రింద పెట్టరు, దీపస్తంభము మీద పెట్టుదురు అనెను. ఎందుకు? ఇంటనున్న వారందరికి వెలుగిచ్చుటకు. ఆకాశమునకు వెలుగిచ్చుటకు కాదు. దీపము విలువ దాని కాంతిలో మాత్రమే లేదు, అది ఎవరి కాళ్ల యెదుట పడుచున్నదో దానిలో నున్నది. అదే ప్రసంగములో తరువాతి అధ్యాయమున, ధర్మము చేయునప్పుడు బూర ఊదించుకొనవద్దని ప్రభువు చెప్పెను. పైకి, ప్రక్కకు, ఎదుటివాని కంట్లోనికి పోవు వెలుగు దీపములలో బూర వంటిది.

ఒడిస్సా సోదరులు ఋషికుల్య నదీముఖము నెరుగుదురు. అక్కడ ఇసుకలో గ్రుడ్డు నుండి వెలువడిన తాబేలు పిల్లలు, సముద్రము మీది వెలుగును ఆనవాలుగా పట్టుకొని నీటివైపు ప్రాకవలెను. ఒడ్డున దీపములు వెలుగుచున్నయెడల దారి తప్పి వాటివైపు పోవును. తప్పుడు వెలుగు వెంట పోయి చచ్చును. కావున ఆ ఋతువులో దీపములు ఆర్పుమని కోరుదురు. ఆర్పుటయే అక్కడ ప్రేమ.

2015 నుండి మన దేశపు వీధులలో పసుపుపచ్చని సోడియం దీపములకు బదులు తెల్లని ఎల్.ఇ.డి. దీపములు పెద్ద ఎత్తున వచ్చినవి. కరెంటు ఆదా యగుట మేలే. కాని తెల్లని వెలుగులో నీలి భాగము ఎక్కువ, అది గాలిలో మరి యెక్కువగా చెదరును. సోడియం వెలుగును అడ్డగించిన పాత ఫిల్టర్లు దీనిని అంతగా అడ్డగింపలేవు. అయితే ఈ కాలుష్యమునకు ఒక విశేషము కలదు. నదిలో కలిసిన విషము ఏండ్ల తరబడి యుండును. దీపకాంతి మీట నొక్కిన క్షణమున పోవును. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యము దీపములను సరిచేసికొని 2024లో మన దేశములో మొదటి చీకటి ఆకాశపు ఉద్యానవనముగా గుర్తింపు పొందెను. లడఖులోని హాన్లే ప్రాంతము 2022లోనే చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడెను.

మన మందిరముల సంగతి ఏమి? గోపురము మీది సిలువకు రాత్రియంతయు ఫ్లడ్‌లైటు, ప్రహరీ మీద పైకి చూచు దీపములు, క్రిస్మసు నెలలో తెల్లవారువరకు వెలుగు పెద్ద నక్షత్రము. ప్రక్క ఇంటిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడో, చంటిబిడ్డ తల్లియో కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకొనుచున్నారు. ఆ వెలుగు వారికి సువార్తగా తోచునా? తూర్పు జ్ఞానులు నక్షత్రమును చూచి వచ్చిరని చెప్పుకొనుచు, మన నక్షత్రపు బొమ్మతో ఆకాశపు నక్షత్రములను దాచుట యుక్తమా?

కావున మన సంఘముల పరిచారకులకు, పెద్దలకు నా మనవి. రాత్రి ఆరాధన ముగిసిన తరువాత పదిగంటలకు సిలువ దీపమును ఆర్పుడి. గేటు వద్దను మెట్ల వద్దను భద్రత కొరకు దీపముండవలెను, అది తప్పదు. కాని దానికి పైన కప్పు పెట్టి వెలుగు నేల మీదనే పడునట్లు చేయుడి. చల్లని తెల్లదీపమునకు బదులు పసుపు ఛాయ గల చిన్న దీపము చాలును. దీనికి పెద్ద ఖర్చు లేదు, పైగా కరెంటు బిల్లు తగ్గును. సిలువ దీపము ఆరినందున సాక్ష్యము ఆరదు. పొరుగువాడు నెమ్మదిగా నిద్రించిన రాత్రియే దానికి సాక్ష్యము. సంఘ కూటములో దీనిని చర్చించి, ఈ క్రిస్మసుకు ముందే ఒక నిర్ణయమునకు రావలెనని కోరుచున్నాను.

ఎవరు లెక్కించుచున్నారు?

ఇక ఆ పెద్దమ్మగారి మాటకు జవాబు. నూట నలువది యేడవ కీర్తనలో రెండు వచనములు ప్రక్కప్రక్కన నున్నవి. ఒక దానిలో దేవుడు గుండె చెదిరినవారిని బాగుచేసి వారి గాయములు కట్టుచున్నాడు. తరువాతి దానిలో ఆయన నక్షత్రముల సంఖ్యను నియమించి, అన్నిటికి పేర్లు పెట్టుచున్నాడు. ఈ రెండు ఒకచోట ఎందుకున్నవి? దూరమున నుండి మసకగా తోచు దానిని కూడ ఎరిగిన దేవుడే, ఎవరికిని కనబడని గాయమును ఎరుగును గనుక. అబ్రాము లెక్కింపలేకపోయెను. మనమును లెక్కింపలేము. లెక్క ఆయన యొద్ద నున్నది. దీపములు మన చూపును కప్పవచ్చును, ఆయన చూపును కప్పలేవు.

ధ్రువ నక్షత్రము బెంగుళూరులో, చెన్నైలో ఉత్తరదిక్కున 13 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. ఎదుటి భవనము దానిని తరచుగా కప్పివేయును. అప్పుడు చిత్రకారుడు ఇంటికి పోడు. కనబడుచున్న ఇతర నక్షత్రముల కదలికను బట్టి ధ్రువము ఎక్కడున్నదో లెక్కకట్టి, తన యంత్రమును సరిచేసికొనును. ఊరి మందిరము, తల్లిదండ్రుల సమాధి, చిన్ననాటి కాపరి కనబడని చోట మనమున్నాము. అయినను కనబడుచున్న కొద్దిపాటిని బట్టి, అనగా వాక్యమును, ప్రభువు బల్లను, ఆదివారము ప్రక్కన కూర్చున్న సహోదరుని బట్టి, మన బ్రదుకును సరియైన అక్షము మీద నిలుపుకొనవచ్చును.

తల్లిదండ్రులారా, సంవత్సరమునకు ఒకసారియైనను మీ పిల్లలను నగరము వెలుపలికి, అమావాస్య రాత్రి, మబ్బులేని కాలములో తీసికొనిపొండి. ఫోను లైటు ఆర్పి ఇరువది నిమిషములు ఊరకుండుడి, అంతవరకు కన్నులకు చీకటి అలవాటు కాదు. తరువాత ఆదికాండము పదునైదవ అధ్యాయమును తెలుగులో చదివి వినిపించుడి. తెలుగు చదువుట రాని పిల్లలకు మీరే చదువుడి. ఆ రాత్రి వారు రెండు నేర్చుకొందురు: మన భాషయు, మన దేవుని వాగ్దానమును.

గుడారము వెలుపలికి తీసికొని వచ్చిన దేవుడు మనలను, మన పిల్లలను, వలస దేశములలో నున్న మన సంఘములన్నిటిని కాపాడి, మన కన్నులు తెరచునుగాక. ఆమేన్.